తుప్పు పట్టిన తుపాకి గొట్టము : పరిష్కరణ సమస్యలు

పరిష్కరణమను మాటను మనము తాళపత్ర ప్రతుల విషయమున తఱచు వాడుచుందుము. ఆకు చివికినచోట, పురుగు తొలిచినచోట, లేఖకుడు పొరబడినచోట పరిష్కర్త చేయదగినదేది, చేయరానిదేది అను చర్చ మన శాఖలలో ఏటేట జరుగునదే. చెఱిగిన యక్షరమును చెఱిగినట్లే చూపవలెను గాని తన యూహను మూలములో కలిపివేయరాదని విద్యార్థికి మొదట చెప్పుదుము. ఈ నియమము ఇనుమునకు సైతము చెల్లునని కొన్ని యేండ్ల క్రిందట గోదావరి ప్రాంతమున ఒక పాత లోగిలిలో నాకు తెలియవచ్చినది. నేను వెళ్లినది తాటాకు కట్టల కొఱకు. చూడవలసి వచ్చినది ఒక తుపాకిని.

ఆ యింటి చావడిగోడకు రెండు మేకులపై ఆనించిన ఆ తుపాకి పొడవు నాలుగున్నర అడుగులకు కొంచెము పైన. మూతినుండి మందు కూరి కాల్చెడి రకము. దాని క్రింద ఒక చెక్కబిళ్లపై "రైఫిల్" అని రంగుతో వ్రాసి యున్నది. ఇంటి పెద్దాయన ఎనుబదేండ్లు దాటినవారు. ఆ తుపాకి తమ ముత్తాత తెల్లదొరల పటాలములో కొలువుచేసి తెచ్చుకొన్నదనియు, దొర మెచ్చి యిచ్చిన అసలు రైఫిలనియు చెప్పిరి. ఏదో పెండ్లి సందడిలో మనుమలు గరుకు కాగితముతో పైభాగమంతయు రుద్దగా అది వెండిచెంబువలె మెఱయుచుండెను. లోపల మాత్రము గొట్టము పొడవునను ఎఱ్ఱని తుప్పు. దగ్గఱి పట్టణమున లేతు మిషను నడుపునట్టి యొకడు, లోపల బరమ త్రిప్పి అద్దమువలె చేసి యిత్తునని మాట యిచ్చియుండెను. "ఎల్లుండి తీసుకుపోతాడు మాస్టారూ. మీరు చదువుకొన్నవారు, ఒకసారి చూసి పెట్టండి" అని పెద్దాయన దానిని నా చేతికిచ్చిరి.

మొదట మాటను గూర్చి కొంత చెప్పవలసి యున్నది. మనకు తుపాకి యనిన ఒక్కటే పేరు. తురుష్క భాషలోని "తుఫెక్" అను పదము, పారసీకములోని "తుఫంగ్", తమిళులు పలుకు "తుప్పాక్కి", మన తుపాకి — ఇవన్నియు ఒక్క కుదుటివి. గొట్టము లోపల నునుపుగా నున్నను, గాడులు కోసి యున్నను మన మాట మాఱదు. ఆంగ్లమున నట్లు కాదు. లోపల నునుపైనది మస్కెట్టు. మెలిదిరిగిన గాడులు గలది రైఫిలు. రైఫిలను పేరు ఆ గాడులను కోయుటనుండియే వచ్చినది. మరమేకునకు వెలుపల నుండెడి మరవంటిది ఇచట గొట్టమునకు లోపల నుండును; ఆ మెలికను పట్టి గుండు తిరుగుచు వెలువడును. తిరుగుచున్నంతసేపు బొంగరము నిలుకడగా నున్నట్లే, తిరుగుచు పోయెడి గుండు దారి తప్పదు. రైఫిలును "మరతుపాకి" యన్న చక్కగా నుండెడిది. కాని ఆ మాటను పత్రికలవారు గుండ్లను వరుసగా వెదజల్లు మఱొక ఆయుధమునకు ఇదివఱకే యిచ్చివేసిరి. అచట మర యనగా యంత్రము. కావున నేనును రైఫిలనియే వ్రాయుదును.

చేతికి వచ్చిన తుపాకి ఏ వంశపుదో తెలిసికొనుట కష్టము కాలేదు. గొట్టమును చెక్కకు బిగించిన మూడు ఇనుపపట్టీలు, గొట్టము పొడవు, కేపును కొట్టి పేల్చెడి సుత్తి — ఇవన్నియు బ్రిటిషు సైన్యము వాడిన 1853 నమూనా ఎన్‌ఫీల్డునకు చెందిన లక్షణములు. కేపనగా పిల్లల ఆట తుపాకులలో నేటికిని పేల్చెడి కేపునకు పెద్దన్నవంటిది. రాగితో చేసిన చిన్న టోపీ. ఆ నమూనా రైఫిలునకు గొట్టము 39 అంగుళములు, లోవ్యాసము 0.577 అంగుళము, గాడులు మూడు. 78 అంగుళముల పొడవున ఒక పూర్తి చుట్టు తిరుగు మెలిక గనుక, గొట్టములో మెలిక సరిగా సగము చుట్టే.

పూర్వపు రైఫిళ్లలో గుండు గాడులకు బిగువుగా పట్టవలెను గనుక దానిని మూతినుండి బలవంతముగ దిగగొట్టవలసి వచ్చెడిది. అందువలన అవి వేటగాండ్రకును, ప్రత్యేక దళములకును మాత్రమే పనికివచ్చెను. 1840 దశకపు చివర ఫ్రెంచి సైనికాధికారి మినియే ఈ చిక్కును విప్పెను. గుండు గొట్టముకంటె కొంచెము సన్నముగా నుండి సులువుగా జాఱును. దాని యడుగు బోలుగా నుండుటచే మందు పేలినపుడు సీసము వెడల్పై గాడులను పట్టుకొనును. ఈ పద్ధతితో సామాన్య సైనికుడును రైఫిలు మోయగలిగెను. నునుపు మస్కెట్టుతో నూఱు గజములు దాటిన గుఱి యనునది అదృష్టమునకు సంబంధించిన విషయము. ఎన్‌ఫీల్డుతో అంతకు కొన్ని రెట్ల దూరమున మనిషిని కొట్టవచ్చును. అందులకే దాని గొట్టముమీద వందల గజముల దూరములకు అంకెలు వేసి, పైకెత్తి నిలుపుటకు వీలైన నిచ్చెనవంటి గుఱిపట్టె నమర్చిరి.

ఈ రైఫిలునకై చేసిన తూటాల కొవ్వును గూర్చిన కథ అందఱెఱిగినదే. 1857 ఏప్రిల్ 24వ తేదీన మీరటులో 85 మంది ఆశ్వికులు తూటాలు ముట్టమనిరి. మే 10వ తేదీన తిరుగుబాటు చెలరేగెను. అందఱును గమనింపని యంశము వేఱొకటి కలదు. తిరుగబడిన సిపాయిలు ఆ తరువాత పోరాడినది చాలవఱకు పాత నునుపు మస్కెట్టులతోనే. కొత్త రైఫిళ్లు ఎక్కువగా తెల్లపటాలముల చేతులలో నుండెను. ఢిల్లీలో నాటి ఉర్దూ కాగితములలో ఈ సిపాయిలకు "తిలంగా"లని పేరు. వారిలో అత్యధికులు అవధ్, బీహారు ప్రాంతములవారు; ఆ పేరు మాత్రము మనది. పదునెనిమిదవ శతాబ్దమున మద్రాసు పక్షమునుండి వంగదేశమునకు వెళ్లిన కంపెనీ దళములలో తెలుగువారు ఉండుటచే, ఉత్తరాదివారికి తెలుగువాడనిన సిపాయి, సిపాయి యనిన తెలుగువాడు అయినది. ఒక జాతి పేరు ఒక కొలువు పేరుగా మాఱుట భాషాశాస్త్రమున వింత కాదు గాని, మన పేరు అట్లు ఢిల్లీ వీథులలో తుపాకితో తిరిగినదని మన పాఠ్యగ్రంథములు చెప్పకపోవుట వింత.

నా విషయమునకు ముఖ్యమైనది తిరుగుబాటు అణగిన తరువాతి కథ. పీల్ సంఘము 1859లో నివేదిక యిచ్చుచు, వంగ సైన్యమున ఇద్దఱు భారతీయులకొక తెల్లసైనికుడును, మద్రాసు బొంబాయి సైన్యములలో ముగ్గురికొకడును ఉండవలెనని సూచించినది. ఫిరంగులు దాదాపుగా తెల్లవారి వశమయ్యెను. మిగిలినది సిపాయి భుజముమీది తుపాకి. సిపాయికి తుపాకి ఇయ్యక తీఱదు. తెల్లసైనికునితో సమానమైన తుపాకి ఇచ్చుటకు మనసొప్పదు. ఇందులకు కనుగొన్న యుపాయము మిక్కిలి సులువైనది. ఎన్‌ఫీల్డు గొట్టమునే తీసికొని లోపల బరమ త్రిప్పి, గాడులు పోవునట్లు 0.656 అంగుళము వ్యాసమునకు తొలిచిరి. నిచ్చెనవంటి గుఱిపట్టెను తీసివేసి, దూరమునుబట్టి సవరించుటకు వీలులేని చిన్న దిమ్మెను బిగించిరి. ఇదియే 1858 నమూనా మస్కెట్టు. అట్లు తొలిచిన గొట్టముల గోడలు పలుచనై తేలికగా ఉబ్బుచున్నవని తెలిసి, గోడ మందము చేసి 1859 నమూనాను తెచ్చిరి. దూరమునుండి చూచినవానికి ఇవి మూడును ఒక్కటే తుపాకి. అదే చెక్క, అవే మూడు పట్టీలు, అదే సుత్తి. భేదమంతయు కన్ను పోని చోట, గొట్టము లోపల, ఉన్నది.

ఈ ఎడము ఆనాటితో తీఱలేదు. తెల్లపటాలములకు 1866 మొదలు వెనుకనుండి తూటా పెట్టు స్నైడరు వచ్చినది. మన సిపాయికి స్నైడరు అందునప్పటికి, అనగా 1870 దశకమునకు, వారు మార్టిని-హెన్రీకి మాఱిరి. ఇరువదవ శతాబ్దమునను లీ-ఎన్‌ఫీల్డు రైఫిళ్ల గాడులను తొలగించి .410 మస్కెట్టులుగా చేసి మన పోలీసులకిచ్చుట జరిగినది. ఆ పాత అలవాటు అంత తేలికగా పోలేదు.

కావున పెద్దాయన తుపాకి విషయమున మొదటి ప్రశ్న, తుప్పును ఎట్లు వదలించవలెనన్నది కాదు. ఆ తుప్పు క్రింద గాడులున్నవా, లేవా? లేకున్న ఎవరు తీసిరి? తుప్పు తినివేసినదా, ఆయుధశాలలో తొలిచిరా, లేక పిమ్మట కొనుక్కొన్న వేటగాడెవడో రవ్వలు కాల్చుటకు తొలిపించుకొన్నాడా? మూడును జరిగినవే. లేతు మిషనువాని బరమ ఒక్కసారి లోపల తిరిగినచో నాలుగవ కారణము వచ్చిచేరి, మొదటి మూడింటి సాక్ష్యమును తుడిచివేయును. ప్రతిలోని లోపమును లేఖకుని పొరపాటా, పరిష్కర్త దిద్దుబాటా యని తేల్చవలసినచోట ఆకునే గీకివేసినట్లుండును.

గొట్టపు మూతివద్ద వేలుపెట్టి చూచి నునుపుగా నున్నదనుట చాలదు. ఎన్‌ఫీల్డు గాడులను పిమ్మట లోతు తగ్గుచు పోవునట్లు కోసిరి. మందు ఉండుచోట లోతు అంగుళములో వెయ్యింట పదునైదు వంతులు, మూతివద్ద వెయ్యింట అయిదు వంతులు మాత్రమే. దట్టింపు చువ్వ రాపిడి కూడ మూతివద్దనే యెక్కువ. అందువలన మూతి గాడులు తుప్పునకో రాపిడికో పోయినను, అడుగున నుండు గాడులు మిగిలియుండవచ్చును. చదువవలసినది అడుగుభాగమును. తుప్పు ఎక్కువగా పేరుకొనునదియు అచటనే, ఏలయనగా మందు కాలెడి చోటది.

ఈ తుప్పునకు కారణము గాలిలోని చెమ్మ మాత్రమే కాదు. నల్లమందులో సురేకారము నూటికి సుమారు 75 పాళ్లు, బొగ్గు 15, గంధకము 10. అది కాలినపుడు సగమునకు పైగా పొగయై పోక, క్షారలవణములతో గూడిన మడ్డియై గొట్టములో నిలుచును. ఈ మడ్డి గాలిలోని తేమను పీల్చుకొనును. కేపులోని మందునుండి వచ్చెడి మఱొక లవణము దీనికి తోడగును. ఈ లవణములు నూనెలో కరగవు, నీటిలో కరగును. కనుకనే ఆనాటి సైనికుడు కాల్చిన తరువాత తుపాకిలో నీరు, వీలైన వేడినీరు, పోసి కడిగి, ఆరబెట్టి, ఆ పైని నూనె రాచెడివాడు. ఇనుమును నీటితో కడుగుట మనకు తలక్రిందులుగా తోచును గాని, కడుగక పైపైని నూనె పూసిన గొట్టమే ముందు పాడగును. సముద్రపుగాలి తగులు మన కోస్తా యిండ్లలో ఉప్పు మఱింత చేరును. అది తుప్పు గుంటల యడుగున దాగి, పైతుప్పు తీసిన పిమ్మటను లోలోపల తినుచుండును.

తుప్పంతయు శత్రువు కాదు. ఎన్‌ఫీల్డు గొట్టమునకు కొత్తలో నుండిన నల్లని మెఱుగు, కావలెనని తెప్పించిన తుప్పే. ఇనుముమీద సన్నని తుప్పును పుట్టించి, ఉడికించి, నల్లబఱచి, దులిపి, మరల మరల అట్లే చేయగా గట్టి పొర ఏర్పడి, వచ్చెడి చెడుతుప్పును ఆపును. ఆ పొరను గరుకు కాగితముతో రుద్దినవాడు తుప్పు తీసినాననుకొనును. నిజమునకు తీసినది కవచమును. దానితోపాటు పోవునవి చిన్న చిన్న ముద్రలు: పరీక్షించినవారి గుఱుతులు, కిరీటము, సంవత్సరపు అంకె, కంపెనీకాలపు తుపాకులమీది సింహము. ఇవి తుపాకికి గద్యలో నుండెడి గ్రంథకర్త పేరువంటివి. పెద్దాయన తుపాకిమీద ఇట్టివేవియు చదువుటకు మిగులలేదు. వెలుగును ఏటవాలుగా పడనిచ్చి ఎంత చూచినను, సుత్తిపలకమీద కిరీటపు అంచేమో యనిపించు నొక్కులు రెండుమాత్రము కనబడెను. ఆ వెండిమెఱుపు వెల యది.

ఇక శుభ్రపఱచిన విధము. అన్నిటికంటె ముందు చేయవలసినది లోపల మందున్నదేమో చూచుట. దట్టించి మఱచిపోయిన పాత తుపాకులు అరుదు కావు, నల్లమందునకు వయసుతో బలము తగ్గునని నమ్మరాదు. మూతిని మనుష్యులకు ఎదురుగా నుంచక, సన్నని కఱ్ఱపుల్లను లోపలికి అడుగంట దించి గుఱుతుపెట్టి, ఆ పొడవును గొట్టము వెలుపల కేపుచోటితో పోల్చవలెను. పుల్ల అంతవఱకు పోకున్న లోపల నేదో యున్నదని అర్థము. అపుడు నిప్పు, వేడి, సుత్తి, బరమ దరికి రానీయక తెలిసినవాని చేతికియ్యవలెను. బరమవానికి ఈ మాట చెప్పినవారు లేరు. మా పుల్ల అడుగుదాక పోయినది. అయినను ఊపిరి ఆడినది అది చేరిన తరువాతనే.

పిదప గొట్టమును కిరసనాయిలు, పలుచని నూనె కలిపి నాలుగు దినములు నానవేసి, ఇత్తడి తీగల కుంచెతో, గుడ్డపీలికలతో వదులైన తుప్పును మాత్రము తీసితిమి. ఇత్తడి ఇనుముకంటె మెత్తన గనుక తుప్పును గీయును గాని గొట్టమును గీయదు. సోడానీటిలో నుంచి విద్యుత్తు పంపి తుప్పు వదలించు పద్ధతి యొకటి కలదు. అందు తుపాకిని ఋణధ్రువమునకే కలుపవలెను. తాఱుమాఱైన తుపాకియే కరగును. అది మంచిపొరను కూడ వదలించును గనుక నేను దాని జోలికి పోలేదు. ఆమ్లములతో కడుగుట మఱింత చేటు. ఉప్పుద్రావకము గుంటలలో చొచ్చి తుప్పునకు విత్తనమగును. వెనుక మరబిళ్లను విప్పి చూడవలెనని కోరిక పుట్టును గాని, నూటయేబదేండ్ల బిగువును విప్పబోయి పాడుచేసినవారే యెక్కువ. లోతైన గుంటలలో మిగిలిన తుప్పునకు కరక్కాయలోని వగరు పదార్థము మంచి మందు. అది తుప్పుతో కలిసి నీలినలుపు పొరయగును. అన్నభేది, కరక్కాయలు కలిపి మన పెద్దలు సిరా కాచినపుడు జరిగినదియు ఇదే. చివర పలుచగా మైనము.

ఐదవ దినమున, భౌతికశాస్త్ర శాఖ మిత్రుని యొద్ద తెచ్చిన కొలతపరికరమును మూతిలో నుంచగా వ్యాసము దాదాపు 17 మిల్లీమీటర్లు వచ్చినది. 0.577 అంగుళము మిల్లీమీటర్లలో 14.7, 0.656 అంగుళము 16.7. తీగచివర నుండు చిన్న కెమెరాను అడుగుదాక దించితిమి. అచట గుంటలున్నవి, మచ్చలున్నవి, గాడి జాడ ఒక్కటియు లేదు. రెండు మిల్లీమీటర్ల మేర గొట్టము పొడవునను సమానముగా తినుట తుప్పునకు సాధ్యము కాదు. మిగిలినవారు ఆయుధశాలవాడు, వేటగాడు. గుఱిపట్టె తీర్పు చెప్పినది: నిచ్చెన లేదు, నిచ్చెనను తీసివేసిన జాడ లేదు, ఉన్నది కదలని దిమ్మె. వేటకై తొలిపించుకొన్నవాడు గుఱిపట్టెను ఇంత ఓపికగా మార్చుకొనడు. ఇది సిపాయిల కొఱకు నునుపు చేసిన తుపాకి. 1858దా, 1859దా యన్నది మాత్రము తేలలేదు. గోడమందమును కొలిచి చెప్పవచ్చును గాని, వెలుపల గరుకు కాగితమును, లోపల తుప్పును ఎంతెంత తినినవో లెక్కలేదు. చెప్పవలసిన ముద్రలు రుద్దుడులో పోయినవి.

కొందఱు మిత్రులు దానిని ఒకసారి కాల్చి చూడవలసినదనిరి. నా కది సమ్మతము కాదు. తుప్పు తినిన గొట్టము ఎచట పగులునో ఎవరును చెప్పలేరు. మఱియు 1959 ఆయుధ చట్టము, బాగుచేసినను చేయకున్నను కాల్చుటకు పనికిరాని పాతకాలపు ఆయుధమును మినహాయించినది గాని, కాల్చుటకు పనికివచ్చునట్లు చేసినదానిని కాదు. అట్టి కోరిక గలవారు ముందు అధికారుల యనుమతి చూచుకొనవలెను.

పెద్దాయనతో ఈ సంగతి చెప్పుట తుప్పు వదలించుటకంటె కష్టమైనది. మూడు తరములుగా ఆ యింట "దొర మెచ్చి యిచ్చిన రైఫిల్" అది. నేను కొలతలు చెప్పుచుండగా వారు కండ్లు మూసికొని వినిరి. "అంటే మావాణ్ణి నమ్మక గాడులు తీసి ఇచ్చారంటారు" అనిరి. "మీవారి నొక్కరినే కాదండి, అందఱినీ" అంటిని. కొంతసేపు మాటలేదు. తరువాత లేతు మిషనువానికి రావద్దని కబురు పంపిరి. చెక్కబిళ్లను మార్చి "సిపాయి మస్కెట్టు" అని వ్రాయించెదమా యని నేనడిగితిని. కొలతలన్నియు ఒక కాగితముమీద వ్రాసి వెనుకవైపు అంటించుటకు ఒప్పుకొనిరి గాని, ముందరి యక్షరములను ముట్టుకొననీయలేదు.

"అది మా నాన్నగారి దస్తూరీ మాస్టారూ" అనిరి. పరిష్కర్తగా నేను మాఱు పలుకలేకపోతిని.